పాత టాటా లారీలోని కమిన్స్ 6బీటీ ఇంజన్: లోపాన్ని ఎలా పట్టుకోవాలి, డబ్బు ఎక్కడ పెట్టాలి

అప్పటి టెల్కో (నేటి టాటా మోటార్స్), అమెరికాకు చెందిన కమిన్స్ సంస్థ కలిసి 1993లో జమ్‌షెడ్‌పూర్ కేంద్రంగా ఒక ఉమ్మడి సంస్థను ఏర్పాటు చేసిన తరువాత, మన రోడ్ల మీద తిరిగే టాటా లారీల్లోకి 6బీటీ ఇంజన్ వచ్చింది. ఆరు సిలిండర్లు, బీ శ్రేణి, టర్బో (పొగ ఒత్తిడితో తిరిగి ఇంజన్‌లోకి అదనపు గాలిని నెట్టే భాగం) అనే మూడు మాటలే ఆ పేరులో ఉన్నాయి. బోరు, అంటే సిలిండర్ వెడల్పు, 102 మిల్లీమీటర్లు, స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 120 మిల్లీమీటర్లు, మొత్తం 5.9 లీటర్లు. అంతకుముందు టాటా లారీల్లో ఉన్న 697 ఇంజన్ మీద చేయి తిరిగిన పాత మేస్త్రీలకు ఇది మొదట్లో కొత్తగానే కనిపించింది. ఇప్పుడు ఆ కొత్త ఇంజన్లు కూడా పాతవైపోయాయి. ఇసుకకూ ధాన్యానికీ గ్రానైటుకూ తిరుగుతూ, రెండు మూడు చేతులు మారిన బండిని కొన్నవారికీ, తండ్రి నుంచి అందుకున్నవారికీ ఉపయోగపడాలని ఈ పద్ధతిని రాస్తున్నాను. ఇందులో చెప్పేదంతా మెకానికల్ ఇన్‌లైన్ పంపు (సిలిండర్లకు డీజిల్‌ను ఒత్తిడితో పంపే పంపు) ఉన్న ఇంజన్ల గురించి మాత్రమే. తరువాత వచ్చిన ఎలక్ట్రానిక్ ఇంజన్లకు ఇది వర్తించదు.

పొగ వస్తోంది, పికప్ లేదు అనగానే ఇంజన్ దించేయడం మన షెడ్లలో పాతుకుపోయిన అలవాటు. దించిన తరువాత రింగులు, పిస్టన్లు, బేరింగులు మార్చకుండా ఎవరూ ఊరుకోరు. అసలు లోపం ఒక రబ్బరు గొట్టంలోనో, వందల రూపాయల్లో దొరికే చిన్న వాల్వులోనో ఉండి ఉంటే, లక్షలు పోసిన తరువాత కూడా అదే పొగతో బండి బయటకు వస్తుంది. అందువల్ల ముందు కొలవండి, ఆ తరువాతే విప్పండి.

ఉదయం చల్లటి ఇంజన్‌తో మొదలుపెట్టండి

బండిని సమతలంగా ఉన్న చోట నిలిపి, చక్రాలకు దిమ్మలు వేసి, రాత్రంతా ఆపి ఉంచండి. తెల్లవారి తాళం తిప్పకముందే మూడు విషయాలు చూడాలి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం మునుపటికంటే పెరిగిందా, రేడియేటర్‌లో నీటి మట్టం తగ్గిందా, ఇంజన్ కింద నేల మీద ఏ రంగు చుక్కలు ఉన్నాయి అన్నవి గమనించండి. ఆయిల్ మట్టం పెరగడం శుభసూచన కాదు. ట్యాంకు నుంచి డీజిల్‌ను లాగే ఫీడ్ పంపులోని డయాఫ్రమ్ గానీ సీలు గానీ పోతే డీజిల్ నేరుగా ఆయిల్ చాంబర్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ చివరి చుక్కను వేళ్ల మధ్య రుద్ది వాసన చూస్తే డీజిల్ కలిసిందో లేదో తెలిసిపోతుంది. కలిసిందని తేలితే ఆ బండిని లోడుకు పంపకండి, ఎందుకంటే పలచబడిన ఆయిల్ ముందుగా తినేది బేరింగులనే.

తరువాత స్టార్ట్ చేసి పొగను చూడండి. చలిలో కాసేపు తెల్ల పొగ వచ్చి పోవడం సహజమే. ఇంజన్ వేడెక్కిన తరువాత కూడా తెల్ల పొగ ఆగకపోతే సరిగా మండని డీజిల్‌ను గానీ, నీరు లోపలికి పోవడాన్ని గానీ అనుమానించాలి. నీలి పొగ ఆయిల్ కాలుతోందని చెబుతుంది. నల్ల పొగ అంటే డీజిల్‌కు తగినంత గాలి అందడం లేదని అర్థం. నా అనుభవంలో ఇందులో సగానికి పైగా నేరం గాలిదే, పంపుది కాదు.

ఇంజన్ పూర్తిగా వేడెక్కిన తరువాత ఆయిల్ పోసే మూతను విప్పి, తలకిందులుగా ఆ రంధ్రం మీద ఊరికే పెట్టండి. కొద్దిగా అదిరితే ఫర్వాలేదు. ఎగిరి పక్కన పడితే క్రాంక్ చాంబర్‌లో గాలి ఒత్తిడి ఎక్కువగా ఉన్నట్టు. చాలామంది ఇక్కడే "రింగులు పోయాయి" అని తీర్పు చెప్పేస్తారు. బ్రేకులకు గాలి నింపే కంప్రెసర్ కూడా ఇదే ఇంజన్ ఆయిల్‌తో నడుస్తుందనీ, దాని రింగులు అరిగితే ఆ గాలి కూడా క్రాంక్ చాంబర్‌లోకే చేరుతుందనీ గుర్తుంచుకోవాలి. బండి నిలిపి ఉండగా, క్రాంక్ చాంబర్ గాలిని బయటకు వదిలే బ్రీదర్ గొట్టం నుంచి పొగ ఎంత వస్తోందో చూసుకోండి. తరువాత కంప్రెసర్ నుంచి బయటకు వెళ్లే పైపును విప్పి, గాలి స్వేచ్ఛగా బయటకు పోనిచ్చి, ఆ పొగను మళ్లీ చూడండి. పొగ బాగా తగ్గితే బాగు చేయవలసింది కంప్రెసర్‌ను. టర్బో సీళ్లు కూడా ఇలాగే మోసం చేయగలవు. ఈ పదిహేను నిమిషాల పరీక్ష చేయకుండా ఇంజన్ దించడానికి ఒప్పుకోకండి.

గాలి దారి

చీమకుర్తి క్వారీల దుమ్ములో తిరిగే బండికైనా, సిమెంటు బస్తాలు మోసే బండికైనా ఇంజన్ ప్రాణం ఎయిర్ ఫిల్టర్‌లో ఉంటుంది. ఫిల్టర్‌కు, టర్బోకు మధ్య ఉన్న గొట్టాన్ని విప్పి, లోపలి గోడను తెల్ల గుడ్డతో తుడవండి. గుడ్డ మీద దుమ్ము అంటితే ఫిల్టర్ గానీ, దాని సీటు గానీ, గొట్టం గానీ దుమ్మును దాటనిస్తోంది. టర్బో కంప్రెసర్ రెక్కల అంచులు గరుకుగా అరిగి ఉంటే ఆ దుమ్ము ఇప్పటికే బోరుల దాకా వెళ్లింది. ఫిల్టర్‌ను టైరుకేసి కొట్టి దులిపే అలవాటును దయచేసి మానండి. మడతల కాగితం కంటికి కనపడకుండా చిట్లుతుంది, అంచులోని రబ్బరు వంకరపోతుంది. లోపల చిన్న రెండో ఫిల్టర్ ఉంటే దానిని ఊదకూడదు, మార్చాలి.

టర్బో దాటిన తరువాతి దారిని సబ్బు నీటితో పరీక్షించవచ్చు. టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఉన్న బండి అయితే టర్బో మూతి దగ్గర గొట్టాన్ని మూసి, కొద్దిపాటి గాలి ఒత్తిడి, అంటే 15 పీఎస్‌ఐకి మించకుండా ఇచ్చి, ప్రతి అతుకు మీదా నురగ పూయండి. బుడగలు లేచిన చోట బూస్టు, అంటే టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి, పోతోంది. ఇంటేక్ మానిఫోల్డ్ నుంచి పంపు మీదికి వెళ్లే సన్నని బూస్ట్ పైపును కూడా తప్పక చూడాలి. ఆ పైపు చిట్లినా, పంపు మీద దాని డయాఫ్రమ్ చిరిగినా, లోడు పడినప్పుడు అదనంగా రావలసిన డీజిల్ రాదు. ఖాళీ బండి చక్కగా పరిగెత్తుతుంది, లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం చేతులెత్తేస్తుంది.

డీజిల్ దారి

ట్యాంకు నుంచి ఫీడ్ పంపు వరకు ఉన్న గొట్టంలో డీజిల్‌ను లాగుతారు, తోయరు. అందుచేత అక్కడ చీలిక ఉంటే డీజిల్ బయటకు కారదు, గాలి లోపలికి చేరుతుంది. పొద్దున్నే చాలాసేపు తిప్పితే గానీ అందుకోని ఇంజన్లలో ఎక్కువ భాగం ఈ కారణంతోనే ఇబ్బంది పెడతాయి. రాత్రంతా డీజిల్ వెనక్కి జారి ట్యాంకులోకి పోతుంది. ఫీడ్ పంపుకు ముందు ఒక అడుగు పొడవున పారదర్శకమైన గొట్టాన్ని తాత్కాలికంగా బిగించి ఇంజన్ నడపండి. బుడగలు కనిపిస్తే వెనక్కి వెళుతూ ఒక్కొక్క అతుకునూ, రాగి వాషరునూ, ట్యాంకులోని పైపునూ పరీక్షించండి.

ఇన్‌లైన్ పంపు పక్కన రిటర్న్ పైపు మొదట్లో ఓవర్‌ఫ్లో వాల్వు ఉంటుంది. పంపు లోపలి గదిలో డీజిల్ ఒత్తిడిని నిలబెట్టేది దాని స్ప్రింగే. స్ప్రింగు నీరసిస్తే డీజిల్ తేలికదారి చూసుకొని వెనక్కి పోతుంది, డీజిల్‌ను నాజిళ్లకు నెట్టే ప్లంజర్లకు నిండుగా అందదు, బండి బలం తగ్గుతుంది. పంపును విప్పి క్యాలిబ్రేషన్‌కు పంపే ముందు ఈ ఒక్క వాల్వును మార్చి చూడండి.

ఒక సిలిండర్ సరిగా పని చేయడం లేదని అనిపిస్తే, ఇంజన్ మెల్లగా నడుస్తుండగా నాజిల్ (సిలిండర్‌లోకి డీజిల్‌ను చిమ్మే భాగం) పైపుల నట్లను ఒక్కొక్కటిగా కొద్దిగా వదులు చేసి వెంటనే బిగించాలి. బాగున్న సిలిండర్ నట్టు వదిలినప్పుడు ఇంజన్ శబ్దం పడిపోతుంది. ఏ నట్టు వదిలినప్పుడు తేడా రాదో ఆ సిలిండర్ అప్పటికే నిద్రలో ఉంది. ఈ పని కళ్లద్దాలు పెట్టుకొని, నట్టు మీద మందపాటి గుడ్డ కప్పి మాత్రమే చేయండి. చిమ్మే డీజిల్‌కు ఎప్పుడూ చేయి అడ్డం పెట్టకండి, ఆ ఒత్తిడికి అది చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోగలదు. దొరికిన సిలిండర్ నాజిల్‌ను పక్క సిలిండర్‌కు మార్చండి. లోపం నాజిల్‌తో పాటు జరిగితే నాజిల్‌దే తప్పు. అక్కడే ఉంటే టాపెట్ (వాల్వు సందు) గానీ కంప్రెషన్ గానీ చూడాలి. నాజిల్ బిగించేటప్పుడు పాత రాగి వాషరు లోపల అంటుకొని ఉండగా దాని మీద కొత్తది వేస్తే నాజిల్ ఎత్తు మారిపోతుంది, స్ప్రే పిస్టన్ గిన్నెలో పడవలసిన చోట పడదు. టార్చి వేసి చూసి, ఒక్కటే వాషరు ఉండేలా చూసుకోండి.

టాపెట్లు

ఈ పనిని చెవితో చేయించుకోకండి, ఫీలర్ గేజ్‌తో చేయించండి. ఇంజన్ చల్లగా ఉండాలి. ఇన్‌టేక్ వాల్వులకు 0.25 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ వాల్వులకు 0.50 మిల్లీమీటర్లు సందు ఉండాలి. ఇంజన్‌ను చేత్తో తిప్పుతూ, గేర్ హౌసింగ్ వెనుక పంపు కింద ఉన్న టైమింగ్ పిన్నును మెల్లగా లోపలికి నొక్కండి. క్యామ్ గేర్ రంధ్రంలో అది దూరినప్పుడు ఒకటో సిలిండర్ టీడీసీలో, అంటే పిస్టన్ అన్నిటికంటే పైన ఉండే స్థితిలో, ఉంటుంది. వెంటనే పిన్నును బయటకు లాగేయాలి. మరచి ఇంజన్ తిప్పితే అది విరిగి లోపల పడుతుంది. ఈ స్థితిలో 1, 2, 4 సిలిండర్ల ఇన్‌టేక్ వాల్వులనూ, 1, 3, 5 సిలిండర్ల ఎగ్జాస్ట్ వాల్వులనూ సరిచేయండి. క్రాంక్‌ను ఒక పూర్తి చుట్టు తిప్పి, మిగిలిన 3, 5, 6 ఇన్‌టేక్ వాల్వులనూ, 2, 4, 6 ఎగ్జాస్ట్ వాల్వులనూ సరిచేయండి. లాక్‌నట్టుకు 24 న్యూటన్ మీటర్ల బిగువు చాలు. బిగించిన తరువాత గేజ్‌తో మళ్లీ కొలవాలి, ఎందుకంటే బిగించేటప్పుడు స్క్రూ కొద్దిగా కదులుతుంది.

ముందు గేర్ కేసులోని పిన్ను

ఇది పైన చెప్పిన టైమింగ్ పిన్ను కాదు, వేరేది. ఈ ఇంజన్‌కు ఉన్న అతి పెద్ద ప్రమాదం చిటికెన వేలి మొనంత లావున్న ఒక ఉక్కు పిన్ను. గేర్ హౌసింగ్‌ను బ్లాకుకు సరిగా అమర్చడానికి ఫ్యాక్టరీలో పెట్టిన ఆ డోవెల్ పిన్ను, ఏళ్ల తరబడి అదురుకు వదులై, కొద్దికొద్దిగా ముందుకు జరిగి, చివరికి గేర్ల మధ్య పడవచ్చు. అదృష్టం బాగుంటే అడుగున చాంబర్‌లో పడి ఊరుకుంటుంది. లేకపోతే క్యామ్ గేర్ పళ్లు విరుగుతాయి, హౌసింగ్ పగులుతుంది, టైమింగ్ తప్పి వాల్వులు పిస్టన్లకు తగులుతాయి.

మా మేనమామ గారి టాటా 2515 లారీకి ముందు క్రాంక్ సీలు కారుతోందని విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డుకు తీసుకెళ్లాం. ముందు మూత తీసి, డీజిల్‌తో కడిగి, టార్చి వేసిన మేస్త్రి గారు మాట్లాడకుండా నా చేతిని పట్టుకొని లోపలికి తీసుకెళ్లి ఆ పిన్ను మీద వేలు పెట్టించారు. హౌసింగ్‌తో సమానంగా ఉండవలసినది గోరంత బయటకు వచ్చి ఉంది, నున్నగా మెరుస్తోంది. "సీలు కారబట్టి బతికిపోయావు బాబూ" అన్నారు. అప్పటి నుంచి ఈ ఇంజన్ ఉన్న ఏ బండి గురించి ఎవరు అడిగినా నేను చెప్పే మొదటి పని ఇదే.

మార్గం సులభమే. ఫ్యాన్, బెల్టు, డ్యాంపర్ పుల్లీ, ముందు మూత తీయాలి. పిన్నును లోపలికి కొట్టి, పక్కనే ఉన్న హౌసింగ్ బోల్టు కింద ఉక్కు రేకు ముక్కను బిగించి, ఆ రేకు పిన్ను నోటిని కప్పేలా చేయాలి. రేకు గేరుకు తగలకుండా చేత్తో రెండు చుట్లు తిప్పి చూడండి. మిగతా హౌసింగ్ బోల్టులన్నిటినీ విప్పి, శుభ్రం చేసి, థ్రెడ్ లాకర్ పూసి బిగించండి, ఎందుకంటే అవి కూడా వదులవుతుంటాయి. కొత్త క్రాంక్ సీలు వేసేటప్పుడు మనవాళ్లు అలవాటు కొద్దీ గ్రీజు గానీ ఆయిల్ గానీ పూస్తారు. ఈ సీలుకు అది పనికిరాదు. సీలు పెదవి, క్రాంక్ మూతి రెండూ పూర్తిగా పొడిగా, నూనె జిడ్డు లేకుండా ఉండాలి. తడిగా వేసిన సీలు కొద్ది రోజులకే మళ్లీ కారుతుంది.

వేడి

రెంటచింతల ఎండలో బండి మరుగుతోందని థర్మోస్టాట్ (నీటి వేడిని బట్టి తెరుచుకునే వాల్వు) తీసి పారేసే మేస్త్రీలు ఇప్పటికీ ఉన్నారు. ఈ ఇంజన్‌లో ఆ పని మేలు చేయదు, కీడు చేస్తుంది. థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు బైపాస్ దారి మూసుకొని నీరంతా రేడియేటర్‌కు వెళ్లేలా దీన్ని రూపొందించారు. థర్మోస్టాట్ లేకపోతే నీటిలో కొంత భాగం దగ్గర దారిన తిరిగి పంపులోకే వస్తుంది, రేడియేటర్ ముఖం చూడదు. పైగా చల్లగా నడిచే ఇంజన్ బోరులను తొందరగా అరగదీస్తుంది. పాత థర్మోస్టాట్‌ను గిన్నెలో నీళ్లు పోసి, థర్మామీటర్ పెట్టి కాచి చూడండి. 80 డిగ్రీలు దాటిన కాసేపటికి తెరుచుకోవడం మొదలుపెట్టకపోతే కొత్తది వేయండి.

ఆ తరువాత రేడియేటర్ కోరును, ఇంటర్‌కూలర్‌ను విడదీసి, వాటి మధ్య పేరుకున్న ఊకను, పురుగులను, జిడ్డు దుమ్మును కడిగించండి. బోరు నీళ్లు పోయడం ఆపి, కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలిపి పోయండి. ఇవన్నీ చేసిన తరువాత కూడా నీరు తగ్గుతూ, ఇంజన్ నడుస్తుండగా రేడియేటర్‌లో బుడగలు ఆగకపోతే హెడ్ గాస్కెట్‌ను అనుమానించాలి. అప్పుడు హెడ్డు దించి, లేత్ షాపులో చదునును, పగుళ్లను పరీక్షించాలి. హెడ్ బోల్టులను పొడవు కొలవకుండా తిరిగి వాడకూడదు, సాగినవాటిని పక్కన పెట్టాలి.

టర్బో విషయంలో చెప్పవలసింది కొద్దిగానే ఉంది. షాఫ్టును వేళ్లతో కదిపినప్పుడు పక్కలకు స్వల్పంగా ఆడటం సహజం. రెక్కలు గోడకు రాసుకున్న గుర్తులు ఉంటే, ముందుకు వెనక్కి తెలిసేంతగా ఆడితే పని అయిపోయినట్టే. లోడుతో వచ్చిన తరువాత మూడు నాలుగు నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచి ఆపండి.

ఇంజన్ దించక తప్పకపోతే

ఈ బ్లాకులో విడి లైనర్లు ఉండవు. పిస్టన్ నేరుగా బ్లాకు బోరులోనే తిరుగుతుంది. అందువల్ల రీబోరు చేయించి 0.50 లేదా 1.00 మిల్లీమీటరు ఓవర్‌సైజు పిస్టన్లు వేయాలి. ఆ హద్దు దాటితే స్లీవు వేయించాలి. బోరు గేజ్‌తో కొలిచిన అంకెలను కాగితం మీద రాయించుకోండి, ప్రతి సిలిండర్‌కూ పైన, మధ్యలో, కింద రెండు దిశల్లో. కొలవకుండా "స్టాండర్డే బాగుంది, రింగులు వేస్తే చాలు" అనే మాటను నమ్మితే కొన్ని నెలలకే ఆయిల్ తాగడం మళ్లీ మొదలవుతుంది. హోనింగ్ గీతలు ఒకదానినొకటి దాటుతూ స్పష్టంగా కనపడాలి. పిస్టన్ల కింద ఆయిల్ చిమ్మే సన్నని జెట్లను తీగతో, గాలితో శుభ్రం చేయించడం మరువకండి, పాత ఇంజన్లలో పిస్టన్లు పట్టేయడానికి అవి మూసుకుపోవడం ఒక కారణం.

ఖర్చుకు తగిన మార్పులు

అన్నిటికంటే ముందు డోవెల్ పిన్నుకు రేకు వేయించండి. దాని తరువాత నేను డబ్బు పెట్టమనేది నీటిని వేరుచేసే గాజు గిన్నె ఉన్న పెద్ద ప్రీఫిల్టర్‌కు. వర్షాకాలంలో దారి పక్క బంకుల్లో పోయించుకునే బండికి పంపును, నాజిళ్లను కాపాడేది అదే. ఆ తరువాత గేజ్‌లు. డ్యాష్‌బోర్డులోని పాత సూది చెప్పేది నమ్మకుండా, మెకానికల్ ఆయిల్ ప్రెషర్ గేజ్, నీటి వేడి గేజ్, బూస్ట్ గేజ్, టర్బోకు ముందు ఎగ్జాస్ట్ వేడిని చూపే పైరోమీటర్ పెట్టించండి. ఘాట్ ఎక్కేటప్పుడు పైరోమీటర్ 650 డిగ్రీలు దాటి అక్కడే నిలిచిపోతుంటే ఒక గేరు తగ్గించి, ఆర్‌పీఎం పెంచండి. పిస్టన్లు అల్యూమినియంవి కనుక ఆ వేడిని ఎక్కువసేపు తట్టుకోలేవు. తెలిసిన ఎత్తు మీద, తెలిసిన లోడుతో బూస్ట్ ఎంత చూపుతుందో ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. అదే ఎత్తు మీద ఆ అంకె పడిపోయిన రోజున ఏదో గొట్టం వదులైందని, పొగ రాకముందే మీకు తెలిసిపోతుంది.

ఇంటర్‌కూలర్ గొట్టాలకు సిలికాన్ రకం, వెడల్పాటి టీ బోల్టు క్లాంపులు, ఫిల్టర్ నిండిందని చూపే వ్యాక్యూమ్ ఇండికేటర్, తక్కువ కూలెంట్ అలారం, బ్యాటరీ నుంచి ఛాసిస్‌కు, ఇంజన్‌కు కొత్త ఎర్త్ తీగలు వంటివి కూడా ఖర్చుకు తగిన ఫలితం ఇస్తాయి. ఆయిల్ సీఐ-4 ప్రమాణం గల 15డబ్ల్యు-40 వాడండి, ఎవరు ఎంత చవకగా ఇస్తామన్నా లూజు ఆయిల్ పోయకండి. 2020 నుంచి దేశమంతటా వస్తున్న 10 పీపీఎం గంధకపు డీజిల్ పాత పంపులను తినేస్తుందని ట్యాంకులో టూ స్ట్రోక్ ఆయిల్ కలుపుతున్నారు. ఆ డీజిల్‌కు కావలసిన జారుడు గుణాన్ని ప్రమాణంలోనే నిర్దేశించారు, ఇన్‌లైన్ పంపు క్యామ్ భాగం ఇంజన్ ఆయిల్‌తోనే తడుస్తుంది. ఆ ఖర్చు అవసరం లేదు.

పంపు స్క్రూ తిప్పి డీజిల్ పెంచమని మాత్రం ఎవరినీ అడగకండి, ఎవరైనా ముందుకొచ్చినా ఒప్పుకోకండి. గాలి పెరగకుండా డీజిల్ పెరిగితే వచ్చేది నల్ల పొగ, వేడి, ఆ వెంటనే పగిలే హెడ్డు. బీఎస్-4 కంటే ముందటి డీజిల్ బండ్లకు పీయూసీ (కాలుష్య) పరీక్షలో పొగ హద్దు 65 హెచ్‌ఎస్‌యూ (పొగ సాంద్రతను కొలిచే హార్ట్‌రిడ్జ్ యూనిట్లు). స్క్రూ తిప్పిన బండి ఆ హద్దును దాటవచ్చు. ఫ్యాక్టరీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ కట్టడి చేస్తుంది. ఇంజన్‌నే వేరేది వేయవలసి వస్తే ముందుగా ఆర్టీఓ అనుమతి తీసుకొని, కొత్త ఇంజన్ నంబరును ఆర్‌సీలో ఎక్కించుకోండి. లేకపోతే ప్రమాదం జరిగిన రోజున బీమా క్లెయిము దగ్గర ఇబ్బంది పడతారు. ఫిట్‌నెస్‌కు వెళ్లే ముందు రోజు ఎయిర్ ఫిల్టర్ చూసి, టాపెట్లు కొలిచి, బండిని లోడుతో కొంత దూరం నడిపి, ఇంజన్ వేడిగా ఉండగానే పొగ పరీక్షకు నిలపండి.